స్లేటర్ కెంపు చీనా గులాబీ: ఏ పాత రికార్డును దేనికి నమ్మాలి, ఏ మొక్కను ఎంచుకోవాలి

పాత గులాబీలను సేకరించే వారైనా, వాటి చరిత్ర రాసే వారైనా ఏదో ఒక దశలో స్లేటర్ కెంపు చీనా గులాబీ దగ్గర ఆగవలసి వస్తుంది. పద్దెనిమిదో శతాబ్దం చివరిలో ఇంగ్లండ్ చేరిన ఈ చిన్న పొదను ఆధునిక ఎర్ర గులాబీల మూల మొక్కల్లో ఒకటిగా దాదాపు ప్రతి వంశావళీ పేర్కొంటుంది. దాని గురించిన ఆధారాలు మాత్రం ఒక చోట లేవు, ఒక తీరుగానూ లేవు. 1794లో అచ్చయిన రంగు బొమ్మ ఒకటి, అంతకు అరవై ఏళ్ల ముందు ఎండబెట్టి కాగితానికి అంటించిన కొమ్మ ఒకటి, ఫ్రెంచి నర్సరీల కేటలాగులు, ఇరవయ్యో శతాబ్దపు జన్యుశాస్త్రవేత్త వేసిన వంశవృక్షం, బెర్ముడా దీవిలో ఒక ఇంటి ఆవరణలో దొరికిన మొక్క, ఇటీవలి డీఎన్‌ఏ పరీక్షలు మనకు ఉన్నాయి. ఇవన్నీ ఒకే మాట చెప్పవు.

కాబట్టి ఇక్కడ రెండు ఎంపికలు చేసుకోవాలి. ఏ ప్రశ్నకు ఏ రికార్డును ఆశ్రయించాలన్నది మొదటిది. ఈ పేరుతోనో, దీనికి దగ్గరి పేర్లతోనో అమ్ముడయ్యే మొక్కల్లో దేన్ని తెచ్చుకోవాలన్నది రెండోది. చాలామంది రెండోదానితో మొదలుపెడతారు. మొదటిది తేల్చుకోకుండా రెండోది తేలదని నా అభిప్రాయం, ఎందుకంటే మొక్కను సరిచూసుకోవడానికి కావలసిన కొలబద్ద ఆ రికార్డుల్లోనే ఉంది.

బొమ్మ, దాని పక్కనున్న వాక్యాలు

ఒకే ఒక్క ఆధారాన్ని దగ్గర ఉంచుకోవాలంటే నేను ఎంచుకునేది విలియం కర్టిస్ నడిపిన బొటానికల్ మ్యాగజైన్‌లోని 284వ చిత్రఫలకాన్ని, దానికి జత చేసిన వివరణను. 1787లో మొదలైన ఆ పత్రిక ఈ గులాబీని 1794లో రోజా సెంపర్‌ఫ్లోరెన్స్ అనే పేరుతో ప్రచురించింది. మొక్క ఇంగ్లండ్ చేరిన మూడేళ్లకే, దాన్ని కళ్లారా చూసిన వ్యక్తి రాసినది కావడమే దాని అసలు విలువ. తరువాతి పుస్తకాల్లో చాలా భాగం ఈ పేజీని తిరిగి చెప్పినవే.

ఆ వివరణలో తేదీతో పాటు మొక్క స్వభావం కూడా స్పష్టంగా ఉంది. పూలు ముదురు ఎరుపు, అరముద్దగా ఉంటాయి, మొక్క పరిమాణంతో పోలిస్తే పెద్దవి, మంచి వాసన గలవి. ఏడాది పొడవునా పూస్తాయి గాని చలికాలంలో తక్కువ. మొక్క ఎంత చిన్న చోట సర్దుకుంటుందంటే దాదాపు కాఫీ కప్పులో పెంచవచ్చునని కర్టిస్ రాశాడు. కొమ్మలు నాటినా, పిలకలు తీసి నాటినా సులువుగా బతుకుతుందని కూడా చెప్పాడు. లేటన్‌స్టోన్ దగ్గర నాట్స్ గ్రీన్‌లో ఉండిన గిల్బర్ట్ స్లేటర్ ఈ మొక్కను సుమారు మూడేళ్ల కిందట చైనా నుంచి తెప్పించాడనీ, దాన్ని దాచుకోకుండా పెంచగలిగిన వారికి పంచిపెట్టాడనీ, అందువల్లనే అది లండన్ చుట్టుపక్కల నర్సరీల్లోకి త్వరగా వెళ్లిందనీ పేర్కొన్నాడు. ఆ మాటలు అచ్చయ్యే నాటికి స్లేటర్ మరణించాడు.

బొమ్మకూ వాక్యాలకూ ఒకే బరువు ఇవ్వకూడదు. ఆ పత్రికలోని బొమ్మలకు రంగులు చేత్తో అద్దేవారు. ఒక్కో ప్రతికి ఒక్కో కూలీ చేయి. రెండు గ్రంథాలయాల్లోని ఒకే ఫలకం రెండు రకాల ఎరుపులో కనిపించడంలో వింత ఏమీ లేదు. రెండు శతాబ్దాల్లో వర్ణద్రవ్యాలు కూడా మారి ఉంటాయి. అందుచేత పువ్వు ఖచ్చితంగా ఏ ఛాయలో ఉండేదన్న ప్రశ్నకు ఆ బొమ్మను, అందులోనూ తెర మీద చూసిన దాని నకలును, సాక్ష్యంగా తీసుకోవడం తప్పు. ఆకు ఆకారం, కాడ సన్నదనం, రేకల వరుసలు, పువ్వు కొమ్మ చివర ఎలా నిలిచింది అన్న విషయాలకు మాత్రం బొమ్మ నమ్మదగినది. పూత కాలం, వాసన, మొక్క ఎత్తు వంటివి తెలుసుకోవాలంటే వాక్యాలే దిక్కు.

తేదీల గందరగోళానికి కూడా ఇక్కడే పరిష్కారం దొరుకుతుంది. ఈ గులాబీకి 1789, 1790, 1791, 1792 అనే నాలుగు సంవత్సరాలూ వేర్వేరు పుస్తకాల్లో కనిపిస్తాయి. ఓడ ఎక్కిన ఏడాది, తోటకు చేరిన ఏడాది, మొదటిసారి పూసిన ఏడాది, నర్సరీలో అమ్మకానికి వచ్చిన ఏడాది వేర్వేరు కావడం సహజమే గనుక, ఈ సంఖ్యలను పరస్పర విరుద్ధాలుగా చూడనక్కరలేదు. సొంత రాతలో ఒక్క తేదీ మాత్రమే వాడవలసి వస్తే, సమకాలీన వాక్యం నుంచి లెక్కకు వచ్చే 1791ని ఎంచుకుని, “సుమారు” అనే మాటను దాని ముందు ఉంచడం ఉత్తమం.

చైనా నుంచా, కలకత్తా నుంచా?

తెలుగు పాఠకులకు ఆసక్తి కలిగించే తగాదా ఇది. స్లేటర్‌కు సంబంధించిన ఓడ కెప్టెన్ ఒకరు ఈ గులాబీని కలకత్తాలోని ఈస్టిండియా కంపెనీ తోటలో చూసి ఇంగ్లండ్‌కు తెచ్చాడన్న కథనం గులాబీ పుస్తకాల్లో విస్తారంగా ఉంది. కర్టిస్ మాత్రం చైనా పేరే చెప్పాడు, కలకత్తా ఊసెత్తలేదు. ఈ రెండింటిలో దేన్ని ఎంచుకోవాలి?

కలకత్తా పక్షాన కూడా కొంత బలం ఉంది. హుగ్లీ నది ఒడ్డున శిబ్‌పూర్‌లోని ఆ తోటను రాబర్ట్ కిడ్ 1787లో స్థాపించాడు. కంపెనీ నౌకలు కాంటన్‌కూ కలకత్తాకూ తిరుగుతూనే ఉండేవి. ఫ్రెంచివారు ఈ జాతి గులాబీలను దీర్ఘకాలం “బెంగాల్ గులాబీలు” అనే పిలిచారు. అయినా ఆ పేరు మొక్క ఎక్కడి నుంచి చేతికందిందో చెబుతుందే తప్ప, ఈ ఒక్క రకం ఏ దారిన వచ్చిందో చెప్పదు. కొందరు ఈ కథనంలోకి కంపెనీ వృక్షశాస్త్రవేత్త విలియం రాక్స్‌బర్గ్‌ను కూడా తీసుకువస్తారు. అది కుదరదు: 1789లో రాక్స్‌బర్గ్ ఇంకా మన సామర్లకోటలోనే ఉన్నాడు, అక్కడి కంపెనీ తోటలో మిరియం మొదలైన పంటల మీద ప్రయోగాలు చేస్తున్నాడు, కిడ్ మరణానంతరం 1793లో గాని కలకత్తా తోట బాధ్యత తీసుకోలేదు. ఆ తోట మొక్కల జాబితా శ్రీరాంపూర్‌లో అచ్చయింది 1814లో. అందులో ఏ గులాబీ పేరు కనిపించినా, అది పాతికేళ్ల ముందు అక్కడ ఉందనడానికి రుజువు కాదు.

నా సలహా ఇది: పుట్టుక విషయంలో కర్టిస్ మాటనే తీసుకుని “చైనా నుంచి” అని రాయాలి, కలకత్తాను దారిలో మజిలీ కావచ్చునన్న సంప్రదాయ కథనంగా విడిగా పేర్కొనాలి. కాంటన్‌లో విదేశీయులు మొక్కలు కొనుక్కునే ఫాతీ తోటలు చాలాకాలం నుంచి నడుస్తున్న నర్సరీలే గనుక, వచ్చినది అడవి మొక్క కాదనీ, చైనా తోటమాలులు తరతరాలుగా కొమ్మలు నాటి పెంచిన తోట రకమనీ గుర్తుంచుకోవాలి. ఆ తోటల్లో ఎర్రటి చీనా గులాబీ ఒక్కటే రకం ఉండి ఉండదు. తరువాత వచ్చే గుర్తింపు సమస్యలకు బీజం ఇక్కడే పడింది.

ఎండిన కొమ్మ

స్లేటర్ కంటే ముందే చీనా కెంపు గులాబీ యూరప్‌కు తెలుసు, కాకపోతే కాగితం మీద. లైడెన్‌కు చెందిన డచ్చి వృక్షశాస్త్రవేత్త గ్రోనోవియస్ సేకరణలో 1733 నాటి ఎండు నమూనా ఒకటి ఉంది. అది ఇప్పుడు లండన్‌లోని ప్రకృతి చరిత్ర మ్యూజియంలో భద్రంగా ఉంది. దాని ఆధారంగా నికొలాస్ జాక్విన్ 1768లో రోజా చైనెన్సిస్ అనే జాతి పేరును ప్రకటించాడు.

ఇలా ఎండబెట్టి భద్రపరచిన హెర్బేరియం నమూనాకు ఉన్న బలం మరే రికార్డుకూ లేదు: అది వర్ణన కాదు, బొమ్మ కాదు, ఆ మొక్కలోని ముక్కే. ముళ్ల వంపు, ఆకుల సంఖ్య, కాడ మీది గ్రంథులు ఇప్పటికీ భూతద్దంతో పరీక్షించవచ్చు. కాని అది జవాబిచ్చేది జాతి ప్రశ్నకే. అరవై ఏళ్ల తరువాత వచ్చిన స్లేటర్ మొక్క సరిగ్గా ఇదే రకమని దాన్నుంచి నిరూపించలేము. ఆ రెండూ దగ్గరివని ఇరవయ్యో శతాబ్దంలో దాన్ని పరిశీలించిన జన్యుశాస్త్రవేత్త సి. సి. హర్స్ట్ భావించాడు, అంతవరకే. “ఈ గులాబీ యూరప్‌లో 1733 నుంచే ఉంది” అని కొందరు రాస్తుంటారు. అక్కడ ఉన్నది కాగితానికి అంటించిన కొమ్మ. దాన్ని సజీవ మొక్కగా మార్చి రాయడం పాఠకుణ్ణి తప్పుదారి పట్టించడమే.

పూల చిత్రకారుడు రెడూటే బొమ్మల గురించి రెండు మాటలు చాలు. 1817 నుంచి 1824 వరకు పారిస్‌లో వెలువడిన ఆయన గులాబీ సంపుటాల్లో నెత్తుటి ఎరుపు బెంగాల్ గులాబీ ఒకటి ఉంది. గోడకు తగిలించుకోవడానికి అంతకు మించినది లేదు. అప్పటికే కొన్నేళ్లుగా యూరప్‌లో విత్తనాల నుంచి కొత్త చీనా గులాబీలు పుడుతున్నాయి కాబట్టి, స్లేటర్ మొక్కను గుర్తించడానికి మాత్రం దాన్ని కర్టిస్ ఫలకానికి బదులుగా వాడకూడదు.

కేటలాగా, వంశవృక్షమా?

ఈ రెంటి మధ్య ఎంపికే చాలామందిని ఇబ్బంది పెడుతుంది. నర్సరీ కేటలాగు వ్యాపార పత్రం. అందులో అతిశయోక్తి ఉంటుంది; ఒకే మొక్క నాలుగు పేర్లతో ఉంటుంది; పక్క ఊరి నర్సరీవాడు అమ్మిన రకాన్నే కొత్త పేరుతో అమ్మిన సందర్భాలు కూడా ఉంటాయి. వంశవృక్షం శాస్త్రవేత్త గీసినది, చక్కగా, తార్కికంగా కనిపిస్తుంది. అందుకే చదివేవారు రెండోదాన్ని నమ్ముతారు. నేను చాలా సందర్భాల్లో మొదటిదాన్నే నమ్ముతాను.

కారణం చెప్పాలి. కేంబ్రిడ్జిలో పనిచేసిన హర్స్ట్ 1941లో ప్రచురించిన వ్యాసంలో, ఆధునిక గులాబీలకు మూలమైన నాలుగు చీనా గులాబీలను పేర్కొన్నాడు: స్లేటర్ కెంపు, 1793 నాటి పార్సన్స్ గులాబీ రంగుది, 1809 నాటి హ్యూమ్ టీ పరిమళపుది, 1824 నాటి పార్క్స్ పసుపుది. ఆ నాలుగింటి జాబితా నేటికీ ప్రతి గులాబీ పుస్తకంలోనూ పాఠంలా వస్తుంది. క్రోమోజోముల లెక్కింపులో హర్స్ట్ కృషి నిజంగా గొప్పది. కాని ఏ గులాబీ దేనికి పుట్టిందన్న ఆయన నిర్ధారణల్లో చాలా భాగం ఊహలు, ఎందుకంటే పందొమ్మిదో శతాబ్దపు తొలి అర్ధభాగంలో ఫ్రెంచి తోటమాలులు తల్లిదండ్రుల వివరం రాసుకోలేదు. గాలికి, తేనెటీగకు వదిలేసి, పండిన కాయలు కోసి, వేల విత్తనాలు చల్లి, నచ్చిన మొలకను ఉంచుకునేవారు. చేత్తో పరాగసంపర్కం చేసి తల్లిదండ్రుల పేర్లతో సహా గులాబీలను ప్రకటించే పద్ధతిని ఇంగ్లండ్‌లో హెన్రీ బెనెట్ 1879లో గట్టిగా ముందుకు తెచ్చాడు. అంతకు ముందరి వంశావళిని ఎవరు ఎంత నమ్మకంగా చెప్పినా, దాన్ని పోలికల మీద కట్టిన అనుమానంగానే చదవాలి.

పోర్ట్‌లాండ్ గులాబీ ఉదాహరణ ఈ తేడాను బాగా చూపిస్తుంది. మళ్లీ పూసే ఆ కెంపు గులాబీకి స్లేటర్ గులాబీ తండ్రి అన్న వంశావళి చాలాకాలం చలామణీలో ఉంది. అయితే స్లేటర్ మొక్క ఇంగ్లండ్ చేరడానికి ముందే ముద్రితమైన ఇంగ్లిషు మొక్కల జాబితాలో పోర్ట్‌లాండ్ పేరు ఉంది. తండ్రి కంటే ముందు బిడ్డ పుట్టలేదు గదా. ఎవరూ పట్టించుకోని ధరల పట్టీ ఒకటి అందమైన సిద్ధాంతాన్ని కూల్చింది. ఆ తరువాత జరిగిన డీఎన్‌ఏ పరిశీలనలు కూడా పోర్ట్‌లాండ్‌లో చీనా రక్తం కనిపించలేదనే చెప్పాయి.

కాబట్టి “ఈ పేరు ఎప్పటికల్లా వాడుకలో ఉంది, ఎవరు అమ్మారు” అన్న ప్రశ్నకు కేటలాగు మొదటి ఎంపిక. “ఎవరి బిడ్డ” అన్న ప్రశ్నకు 1879కి ముందు ఏ రికార్డూ పూర్తిగా సరిపోదు. 1853లో వచ్చిన జనరల్ జాక్వెమినో అనే ఎర్ర గులాబీ, దాని వెనుక 1825 నాటి గ్లోర్ దే రోజోమాన్, వాటి వెనుక ఎక్కడో స్లేటర్ కెంపు అని సాగే ప్రసిద్ధ వరుసను కూడా ఈ జాగ్రత్తతోనే చెప్పాలి. చీనా కెంపుకు ఉన్న ప్రత్యేకత దాన్ని నమ్మదగినదిగా చేస్తుందన్నది నిజమే: పాత యూరప్ గాలికా గులాబీల ఎరుపు వయసు పెరిగే కొద్దీ ఊదాగా మారుతుంది, చీనా గులాబీల ఎరుపు ఎండకు ఇంకా ముదురుతుంది, ఆ లక్షణం, ఏడాది పొడవునా పూసే గుణం రెండూ కలిసి తరువాతి ఎర్ర గులాబీల్లో కనిపిస్తాయి. ఇది బలమైన సూచన, అంతేగాని జనన ధ్రువీకరణ పత్రం కాదు.

బతికి ఉన్న మొక్క, డీఎన్‌ఏ

బెర్ముడాలో పాత చీనా గులాబీలు ఇళ్ల ఆవరణల్లో, శ్మశానాల్లో తరతరాలుగా బతికాయి. అసలు పేరు మరచిపోయిన వాటిని అక్కడి గులాబీ సంఘంవారు దొరికిన చోటు పేరుతోనో, ఇంటివారి పేరుతోనో పిలుస్తారు. ఈ పద్ధతి నాకు చాలా నచ్చుతుంది, ఎందుకంటే తెలిసినంత మాత్రమే చెబుతుంది. అలా బెల్‌ఫీల్డ్ అనే ఇంటి పేరుతో నిలిచిన ఎర్ర గులాబీనే ఇరవయ్యో శతాబ్దం మధ్యలో స్లేటర్ కెంపుగా గుర్తించారు. చిన్న పొద, సన్నని కొమ్మలు, అరముద్ద పూలు, ముదురు ఎరుపు, రేకల మొదట్లో అక్కడక్కడ తెల్లని చార: కర్టిస్ వర్ణనతో ఇది చక్కగా సరిపోతుంది. కాని సరిపోవడం వేరు, 1791 నాటి మొక్క నుంచి కొమ్మ తరువాత కొమ్మగా వచ్చిన గొలుసును చూపించడం వేరు.

డీఎన్‌ఏ ఈ లోటును తీరుస్తుందని ఆశించేవారు ఒక షరతును గమనించాలి. రెండు మొక్కలు ఒకే రకమా కాదా అన్నది పరీక్ష చక్కగా తేలుస్తుంది. రెండింటిలో ఒకదాని పేరు అప్పటికే నిర్వివాదంగా తెలిసి ఉంటేనే రెండోదానికి పేరు పెట్టగలదు. పార్సన్స్ గులాబీ అయిన ఓల్డ్ బ్లష్ తోటల్లో ఎడతెగకుండా కొనసాగింది. 2018లో దాని జన్యుక్రమం పూర్తిగా వెలువడింది. దానితో పోల్చడానికి గట్టి ఆధారం ఉంది. చీనా గులాబీలు ఏడాది పొడవునా పూయడానికి పూతను అణచే జన్యువు ఒకటి చెడిపోవడమే కారణమని 2012లోనే తేలింది. స్లేటర్ విషయంలో పరీక్ష చేయించేవారు, బెర్ముడా మొక్కా యూరప్ సేకరణల్లోని మొక్కా ఒకటేనా అన్న ప్రశ్న వేస్తే ప్రయోజనం ఉంటుంది. “ఇది స్లేటరేనా” అని వేస్తే జవాబు ఎవరో ముందే పెట్టిన పేరు మీద ఆధారపడుతుంది.

ఇక మొక్క ఎంపిక

చరిత్రే ముఖ్యమనుకునే వారికి బెల్‌ఫీల్డ్ సరైనది. దాన్ని సొంత వేరు మీద పెంచిన మొక్కగానే తీసుకోవాలి, అంటుకట్టినది వద్దు. కొమ్మ నాటితే సులువుగా బతికే మొక్కకు అంటు అవసరం లేదు, పైగా అంటు ఎండిపోయినప్పుడు కింది వేరుమొక్క లేచి పేరు మాత్రం నిలుపుకుంటుంది. తోటలో ఘనంగా కనిపించాలని ఆశించేవారు దీన్ని తెచ్చుకుని నిరాశపడతారు: మొక్క చిన్నది, నెమ్మదిగా పెరుగుతుంది, గట్టిగా కత్తిరిస్తే తట్టుకోదు. కుండీకి మాత్రం ఇంతకంటే తగినది అరుదు.

క్రమోజీ సుపీరియర్ దానికి అత్యంత సన్నిహిత ప్రత్యామ్నాయం. ఫ్రాన్స్‌లోని ఆంజేర్ దగ్గర కోక్రో 1832లో పెంచినది. అమెరికాలో అగ్రిపినా పేరుతో కూడా తిరుగుతుంది. పూలు గిన్నె ఆకారంలో, నిండుగా, మఖమల్ లాంటి కెంపు రంగులో ఉంటాయి. పొద బలంగా పెరుగుతుంది. 1885 నుంచి దీనికి పాకే రూపం కూడా ఉంది. స్లేటర్ అని చెప్పి ఇచ్చిన మొక్కకు నిండు ముద్ద పూలు వస్తే మొదట అనుమానించవలసింది దీన్నే. తోట అలంకారమే కావలసిన వారు చరిత్ర మోజు పక్కన పెట్టి నేరుగా దీన్ని తెచ్చుకోవడమే మంచిది, ఈ జాబితాలో నేను ఎక్కువ మందికి సూచించేది ఇదే.

అదే ఆంజేర్‌లో గెరాన్ 1834లో విడుదల చేసిన లూయీ ఫిలిప్‌ను దీని నుంచి వేరు చేయడం కొంచెం కష్టం; నడిమి రేకల అంచులు పాలిపోయి తెల్లగా కనిపించడం దాని గుర్తు. టెక్సస్ గణతంత్రానికి తొలి తాత్కాలిక ఉపాధ్యక్షుడైన లోరెంజో దె జవాలా, మెక్సికో రాయబారిగా పారిస్‌లో ఉండి వస్తూ దీన్ని తన ఇంటికి తెచ్చాడని అక్కడ చెప్పుకుంటారు. ఆయన పారిస్‌లో ఉన్నదీ గులాబీ విడుదలైనదీ ఒకే ఏడాది కాబట్టి కథకు తేదీల అడ్డు లేదు. అంతమాత్రాన అది రుజువైపోదు. లఫే పెంచిన ఫాబ్వియే అరముద్దగా, మరింత మండే ఎరుపులో, తెల్ల చారతో పూస్తుంది. అరముద్ద అన్న ఒక్క లక్షణం చూసి దాన్ని స్లేటర్‌గా పొరపడే ప్రమాదం ఉంది. ఎరుపు ఛాయనూ మొక్క బలాన్నీ కలిపి చూడాలి.

బ్రిటన్‌లో బెంగాల్ క్రిమ్సన్ పేరుతో అమ్మే గులాబీ మరో చిక్కు. లండన్‌లోని చెల్సీ ఫిజిక్ గార్డెన్‌లో దాని పెద్ద పొద ప్రసిద్ధం. పేరు వినగానే ఇదే ఆ పాత మొక్క అనిపిస్తుంది. కాని దాని పువ్వు ఒంటి రెక్కలది, వెడల్పాటిది. కర్టిస్ చెప్పిన అరముద్దకు ఏ విధంగానూ సరిపోదు. అందమైన మొక్కే, మరో రకంగా తెచ్చుకోవచ్చు.

అమెరికాలో స్థిరపడిన మన కుటుంబాలు పాత ఇల్లు కొన్నప్పుడు పెరట్లో ముదురు ఎరుపు గులాబీ కనిపిస్తే, అది చరిత్రాత్మక రకమని సంబరపడే ముందు ఒక వేసవి ఆగాలి. వసంతంలో ఒక్కసారి మాత్రమే విరగబూసి, పొడవాటి తీగ కొమ్మలు వేసి, మళ్లీ పూయకపోతే, అది చాలావరకు డాక్టర్ హ్యూయీ అనే వేరుమొక్క. పైన కట్టిన అంటు చనిపోయి కిందిది బతికిందన్న మాట. కాలిఫోర్నియాలో మళ్లీ మళ్లీ పూసే వదులైన ఎర్ర గులాబీ అయితే, అక్కడ ర్యాగెడ్ రాబిన్ పేరుతో వేరుమొక్కగా వాడిన గ్లోర్ దే రోజోమాన్ కావచ్చు. ఇది నిజంగానే పాత రకం, ఉంచుకోదగినది.

ఇక్కడ తెలుగు జిల్లాల్లో, చలి బాధ లేని చోట, చీనా గులాబీల జాతి లక్షణాలన్నీ అనుకూలిస్తాయి. అయినా బెల్‌ఫీల్డ్ కోసం విదేశాల నుంచి మొక్క తెప్పించడం చాలామందికి అనవసర ప్రయాస. 2003 నాటి మొక్కల క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం దిగుమతి అనుమతి, ఎగుమతి దేశం ఇచ్చే ఆరోగ్య ధ్రువపత్రం కావాలి. వచ్చిన తరువాత మొక్కను విడిగా పరిశీలనలో ఉంచవలసి రావచ్చు. సామానులో కొమ్మ దాచి తేవడం చట్టవిరుద్ధమే కాక, తెగుళ్లను తెచ్చే పని. ఈ శ్రమ పడలేని వారికి గ్రుస్ ఆన్ టెప్లిట్స్ ఉంది. రుడోల్ఫ్ గెష్‌విండ్ పెంచగా 1897లో వెలువడిన ఈ కెంపు గులాబీ భారతదేశంలో కొత్తది కాదు; ఉత్తరాదినా, సుర్ఖా అని పిలిచే పాకిస్తాన్‌లోనూ విడిపూల కోసం పొలాల్లోనే సాగు చేస్తారు. దాని నమోదైన వంశావళిలో గ్లోర్ దే రోజోమాన్ ఉంది. పూలు బరువుకు కాస్త తలవంచుతాయి, వాసన ఘాటుగా ఉంటుంది, మొక్క మనిషి ఎత్తు దాటగలదు. కుండీకి తగదు, నేలలో, పూర్తి ఎండలో పెట్టాలి. నర్సరీలో అడిగేటప్పుడు “నాటు ఎర్ర గులాబీ” అని మాత్రమే అడిగితే ఏదైనా చేతిలో పెట్టవచ్చు. పూసిన మొక్కను చూసి, వాసన చూసి కొనడం మేలు.

ఏ మొక్క తెచ్చుకున్నా దాని పక్కన పెట్టే చీటీ కూడా ఒక రికార్డే. దాని మీద మొదట మొక్క వచ్చిన పేరు, ఇచ్చినవారు, తెచ్చిన ఏడాది రాయాలి. “స్లేటర్ కెంపుగా భావిస్తున్నారు” అన్న మాట దాని కింద వేరే పంక్తిలో రావాలి. ఇతరులకు కొమ్మ ఇచ్చినప్పుడు రెండు పంక్తులనూ ఇదే వరుసలో ఇవ్వాలి, పై పంక్తిని వదిలి కింది పంక్తిని మాత్రమే ఇవ్వకూడదు.